గుత్తకు ఇచ్చే ముందు: పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను లెక్క

వరంగల్‌లో మట్టెవాడలోనో గిర్మాజీపేటలోనో ఉన్న తాతల నాటి పెంకుటింటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చి, రెండు పడకగదుల ఫ్లాట్‌లోకి మారాలనుకున్న కుటుంబం ముందు బిల్డర్‌తో మాట్లాడుతుంది, తర్వాత ముహూర్తం చూసుకుంటుంది. సామాను సంగతి ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి పాత సామాన్ల వ్యాపారి వాకిట్లో నిలబడి ఉంటాడు. ఇల్లంతా ఒక్క చుట్టు తిరిగి, మంచాలు, అల్మారాలు, సందుగలు, ఇత్తడి గుండిగలు, గోడ గడియారం అన్నీ కలిపి గుత్తకు ఒక అంకె చెప్తాడు. చేతిలో రోజులు లేవు కాబట్టి ఇంటివాళ్లు సరే అంటారు.

ఇందులో మోసం ఉండాల్సిన పని లేదు. వ్యాపారి దగ్గర తన లెక్క ఉంది, ఇంటివాళ్ల దగ్గర ఏ లెక్కా లేదు. ఒక భోషాణాన్నే తీసుకోండి. వంటచెరుకు కింద దానికో ధర ఉంది. టేకు కలపగా ఘనపుటడుగుల లెక్కన ఇంకో ధర. పరుపులు, బొంతలు దాచుకునే పెట్టెగా వాడుకునేవాళ్లు ఇచ్చేది మూడో ధర. నగిషీ, ఇత్తడి బిళ్లలు, పాత తాళం, వయసు చూసి కొనేవాళ్లది నాలుగో ధర. ఈ నాలుగు ధరలూ ఇచ్చేది నలుగురు వేరువేరు మనుషులు. వాళ్లు ఒకే బజారులో దొరకరు, ఒకే రోజు రారు. అందుకే ఎంతకు అమ్మాలో అనుకునే ముందు, ఏ వస్తువును ఏ లెక్కన కొనేవాళ్లకు చూపించాలో తేల్చుకోవాలి. దానికి కనీసం మూడు నెలలు కావాలి.

మొదటి నెల అమ్మకం వద్దు

మొదటి నెలంతా కొలవడానికి, వెతకడానికి, ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికే పెట్టుకోండి.

కొలత అంటే కొత్త ఫ్లాట్ కొలత. గది పొడవు, వెడల్పు అందరూ చూస్తారు, దారి చూడరు. చాలా అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ తలుపు వెడల్పు రెండున్నర అడుగులకు అటూ ఇటూగా, ఎత్తు రెండు మీటర్లుగా ఉంటుంది. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న టేకు అల్మారా అందులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. ముందు అది విడదీసేదా కాదా చూడండి. పైకిరీటం, మధ్యపెట్టె, పీఠం వేరుగా చేసి చెక్కమేకులతో బిగించినదైతే విడిపోతుంది. పందిరి మంచమైతే నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, పైచట్రం ఊడి వస్తాయి. ఊడదీసేటప్పుడు ప్రతి అతుకు దగ్గర రెండు ముక్కల మీదా ఒకే అంకె రాసిన కాగితపు టేపు అంటించాలి. చేత్తో చేసిన మంచంలో ఏ పట్టె కుసి (సన్నగా చెక్కిన కొస) ఆ కోడు తొలికే (రంధ్రానికే) సరిపోతుంది. అంకెలు లేకుండా కలిపి పడేస్తే మళ్లీ బిగించేటప్పుడు వడ్రంగి కుసులు చెక్కి సరిచేస్తాడు, మంచం ఆ రోజు నుంచి ఊగుతుంది.

వెతకడం అంటే ప్రతి సొరుగునూ పూర్తిగా బయటికి లాగి, దాని వెనక, అడుగున, పెట్టె లోపలి అంచుల్లో చేయి పెట్టి చూడటం. భోషాణాల్లో మూతకింద పక్కగా చిన్న అర ఉంటుంది. కొన్నింట్లో ఆ అర అడుగు పలక జరుగుతుంది. బంగారం దొరకడం అరుదు, కాగితాలు దొరకడం మామూలు. ఉర్దూలో రాసి ఉన్నాయని, చిరిగాయని వాటిని చిత్తుకాగితాల్లో వేయకండి. నిజాం నాటి సేత్వార్ (భూమి సర్వే రికార్డు) నకలు, 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), పాత స్టాంపు కాగితం మీది అమ్మకపు దస్తావేజు లాంటివి ఇంట్లోని టేకు సామానంతటి కన్నా విలువైనవి కావచ్చు. వాటి మీద ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1345 అంటే 1935-36. గిన్నెల మీద, తాళాల మీద, మంచం తలాపి మీద చెక్కించిన ఫసలీ సంవత్సరాలకూ ఇదే లెక్క. వయసు నిరూపించడానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. పాత పుస్తకాలు, పత్రికల కట్టలు దొరికితే తూకానికి వేసే ముందు హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజ నరేంద్ర భాషానిలయం లాంటి గ్రంథాలయంలో అడగండి. తాటాకు గ్రంథాలైతే హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయాన్ని సంప్రదించాలి.

ఇక ఇంట్లోవాళ్ల మాట. తల్లిదండ్రుల సామాను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరిదీ. ఒక్కో వస్తువుకు ఒక నంబరు, ఒక ఫోటో పెట్టి కుటుంబం గ్రూపులో వేసి, "ఫలానా తేదీలోపు ఎవరికేం కావాలో చెప్పండి, వాళ్లే తీసుకుపోవాలి" అని రాయండి. తేదీ, తీసుకుపోయే బాధ్యత రెండూ రాయకపోతే అందరూ అన్నీ కావాలంటారు, ఒక్కరూ బండి తేరు. అమ్మిన తర్వాత అక్కకు తెలిసి, అమ్మ పాన్‌దాన్ ఏమైందని అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. ఇంట్లో పెద్దామె ఉంటే ఆమె మంచం, ఆమె సందుగ, ఆమె పూజ సామాను జాబితాలోకి ఎక్కించకండి. శుక్రవారం ఇత్తడి, దీపం సమ్మె గడప దాటొద్దని ఆమె అంటే బండిని శనివారానికి మార్చుకోవచ్చు, పోయేదేమీ లేదు.

కర్ర లెక్క

పాత ఇంట్లో ఎక్కువ డబ్బు ఉండేది కర్రలోనే. అందరూ ఎక్కువ పొరపడేదీ కర్ర దగ్గరే.

నలుపు రంగు పూసిన ప్రతిదీ జిట్రేగి కాదు, గోధుమరంగుదల్లా టేకు కాదు. బల్ల కాలి అడుగున, ఎవరికీ కనబడని చోట బ్లేడుతో కొద్దిగా గీకి చూడండి. టేకు అయితే లోపల పసుపు గోధుమరంగు, వేలికి కొంచెం జిడ్డు, తోలును తలపించే వాసన. రోజ్‌వుడ్ అనే జిట్రేగి ఊదా గోధుమరంగులో నల్లచారలతో ఉంటుంది, ఎత్తితే బరువు తెలుస్తుంది. ఎండిన టేకు ఘనపుటడుగుకు 18-19 కిలోలుంటే జిట్రేగి 23 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. రెండూ కాకపోతే ఏగిసో, మద్దో, వేపో అయి ఉంటుంది. అవీ గట్టి కలపలే, ధర మాత్రం వేరు. పైపలక అంచు దగ్గర చారలు పైనుంచి పక్కకు కొనసాగకుండా తెగిపోతే అది పైన అతికించిన పలచని పొర.

వయసు చూడటానికి వెనక్కు, అడుక్కు వెళ్లాలి. ముందు భాగం ఎన్నిసార్లయినా పాలిష్ అయి ఉంటుంది, వెనక భాగాన్ని ఎవరూ ముట్టుకోరు. చేతిరంపం గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి యంత్రపు రంపం గీతలు విల్లులా వంగి ఉంటాయి. సొరుగు మూలల్లోని పళ్ల అతుకులు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటే చేతిపని. మరమేకు (స్క్రూ) తలపై అడ్డగీత ఒక్కటే ఉంటే పాతది కావచ్చు, ప్లస్ గుర్తు ఉంటే తర్వాత బిగించినది. వెనక ప్లైవుడ్, పైన సన్‌మైకా ఉంటే వస్తువు కొత్తదో, మధ్యలో మరమ్మతు అయినదో. కుర్చీ ముందు పట్టె మీద కాళ్లు పెట్టి పెట్టి ఏర్పడిన అరుగుదల, సొరుగు జారే బద్దల్లో పడిన గాడి, ఇవి దొంగవయసు తెచ్చేవాళ్లకు చేయడం కష్టం.

పుచ్చు విషయంలో భయపడొద్దు, దాచొద్దు. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, కింద మెత్తటి పొడి కనబడితే పురుగు ఉన్నట్టు. టేకు చేవకు ఈ పురుగు దాదాపుగా పట్టదు, అంచున ఉండే తెల్లచెక్కకు పడుతుంది. అందుకే టేకు అల్మారాలో వెనక బద్దలు తినేసినా చట్రం గట్టిగానే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే గుల్లచప్పుడు ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. పుచ్చిన వస్తువును మందు వేయకుండా కొత్త ఫ్లాట్‌లోకి తీసుకుపోతే అక్కడి ప్లైవుడ్ అరలకు ముప్పు.

అమ్మే ముందు పాలిష్ పెట్టించాలన్న ఆలోచన మంచిదే అనిపిస్తుంది. పెట్టించకండి. వాడుకకు కొనేవాళ్లు తమకు నచ్చిన రంగు తామే వేయించుకుంటారు, వయసు చూసి కొనేవాళ్లకు ఏళ్లతరబడి చేతులు తగిలి వచ్చిన నునుపే కావాలి. ముఖ్యంగా ఎనామిల్ పెయింట్ వేసిన తలుపులను కాస్టిక్ సోడాతో కడిగించొద్దు. సోడా టేకును నల్లగా మారుస్తుంది, అతుకుల్లోకి దిగి వాటిని వదులు చేస్తుంది. కొనేవాళ్లకు కర్ర చూపించాలంటే ఒక మూల రెండు అంగుళాల మేర గీకి చూపిస్తే చాలు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, సొరుగులకు కొవ్వొత్తి మైనం రుద్ది జారేలా చేయడం వరకే మీ పని.

ఫర్నిచర్ కన్నా ఎక్కువ కలప ఇంటి ఒంట్లోనే ఉంటుంది: దూలాలు, వాసాలు, దర్వాజలు, మిద్దె బల్లలు. బిల్డర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే "కూల్చకముందు కలప, తలుపులు, కిటికీలు, రాతి కంబాలు యజమాని తీసుకుంటాడు" అన్న వాక్యం ఉండాలి. అది లేకపోతే కూల్చే కాంట్రాక్టరు వాటిని తన కూలిలో కలిపేసుకుంటాడు. లెక్క సులభం: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 14 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల మందం ఉన్న దూలం 6.1 ఘనపుటడుగులు. ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డం, గడప కలిపి 22 అడుగులు, 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న దర్వాజ 3 ఘనపుటడుగులు. ఆరు దూలాలు, ఎనిమిది దర్వాజలున్న ఇంట్లో ఈ రెండింటిదే 60 ఘనపుటడుగులు దాటుతుంది. కలప డిపోలో పాత టేకు ఘనపుటడుగు ధర ఆ వారం ఎంతుందో రెండుచోట్ల అడిగి, మేకు రంధ్రాలకు, పగుళ్లకు, గోడలో నానిన కొసలకు తరుగు తీసేసి చూసుకుంటే గుత్త బేరం అసలు రూపం తెలుస్తుంది.

నగిషీ ఉన్న సింహద్వారాన్ని మాత్రం ఘనపుటడుగుల్లో అమ్మొద్దు. రెక్కలు, గొళ్లెం, ఇత్తడి బొడిపెలు, గడపతో సహా మొత్తంగా ఉంటేనే దానికి విలువ. ఫామ్‌హౌస్‌లు, రిసార్ట్‌లు కట్టుకునేవాళ్లు అలా మొత్తం ఉన్నదాన్నే వెతుక్కుంటారు. జేసీబీ వచ్చాక దర్వాజ తీయడం కుదరదు. ముందు పైగోడ దించి, తర్వాత పక్కలు వదులు చేసి, గోడలోకి దిగిన చట్రపు చెవులు విరగకుండా నిలువుగా ఎత్తాలి. గునపంతో లాగితే చెవి విరిగి, దర్వాజ కాస్తా కలపముక్కలవుతుంది.

ఇంకో మాట: అల్మారా రవాణా వేరు, దూలాల రవాణా వేరు. దూలాలు, పలకలు లారీలో జిల్లా దాటిపోతుంటే అటవీశాఖ చెక్‌పోస్టులో దాన్ని కలప కిందే చూస్తారు. కూల్చే ముందే రేంజ్ ఆఫీసులో అడిగి, ఇంటిపన్ను రసీదు, కూల్చివేత అనుమతి, గోడలో ఉన్నప్పుడు తీసిన దూలాల ఫోటోలు దగ్గర పెట్టుకోవాలి. మంచిర్యాల, నిర్మల్ వైపు టేకు అడవులున్న దారుల్లో అయితే ఇది మరీ అవసరం.

ఇత్తడి, కంచు, గోడమీదివి

ఇత్తడి సామాను దగ్గర మీ చేతిలో ఉండాల్సింది సొంత త్రాసు. 50 కిలోల దాకా తూచే వేలాడే డిజిటల్ త్రాసు కొన్ని వందలకే వస్తుంది. ఒక్కో పాత్రను తూచి, నంబరు పక్కన బరువు రాయండి. 12 కిలోల గుండిగకు కిలోకు 500 అనుకుంటే 6,000 రూపాయలు. వ్యాపారి ఇనుప కడియానికి, మసికి, కళాయికి అని రెండు కిలోలు తరుగు తీస్తే వెయ్యి పోతుంది. కడియం ఊడదీసి విడిగా తూస్తే ఆ వాదన ఉండదు. ఇత్తడి, రాగి, కంచు వేరు చేసి పెట్టాలి. మూడింటికీ ధరలు వేరు, కలిపితే అన్నిటికన్నా తక్కువ దాని ధరే కడతారు. రాగి ఎర్రగా ఉంటుంది. కంచు గిన్నెను వేలాడదీసి కొడితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది, ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది.

తూకానికి పోకూడనివి ఉన్నాయా అని ముందు ఏరుకోవాలి. పాత బిందెలు, గంగాళాల నడుము దగ్గర రెండు ముక్కలను పళ్లుపళ్లుగా కలిపి కొట్టిన అతుకు గీత కనిపిస్తుంది. ఒంటినిండా సుత్తిదెబ్బల మచ్చలుంటాయి. యంత్రంతో లాగిన కొత్త పాత్రకు ఇవి రెండూ ఉండవు. చెక్కించిన పేరు, ఊరు, ఫసలీ సంవత్సరం ఉంటే ఇంకా మంచిది. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి రేకు పని, కరీంనగర్ వెండి తీగపని అత్తర్‌దాన్లు, పాన్‌దాన్లు, ఆదిలాబాద్ వైపు డోక్రా పోతపని బొమ్మలు, నిర్మల్ పొణికి కర్ర బొమ్మలు, ఇవన్నీ భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపనులు. వెండి తీగపనిని వెండి తూకానికి అమ్మితే పనితనం మొత్తం కరిగిపోయినట్టే. బిద్రీ హుక్కా, పూలకుండీ లాంటివి ఉంటే చింతపండు దగ్గరికి కూడా రానీయొద్దు. వాటి నలుపు మురికి కాదు, జింకు ఎక్కువున్న లోహానికి బీదర్ కోట మట్టి, నవసాగరంతో రప్పించిన రంగు. తోమితే వెండి పూలతో పాటు నేపథ్యం కూడా తెల్లబడి వస్తువు చచ్చిపోతుంది.

గోడ గడియారాల్లో జర్మనీ యుంగాన్స్, అమెరికా అన్సోనియా, జపాన్ సీకోషా పేర్లు కనబడతాయి. డయల్ మీది పేరు, లోపలి యంత్రం మీది ముద్ర ఒకటేనా చూడండి. లోలకం, తాళంచెవి, అద్దం అసలువి ఉంటే ఆగిపోయినా పరవాలేదు. నడిపించాలని నూనె పోయొద్దు. రవివర్మ దేవుడి పటాల విషయంలో భూతద్దం పెట్టి చూడండి. రంగులు ఒకే వరసలో చుక్కలుగా కనబడితే తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ ముద్రణ, చుక్కలు క్రమం లేకుండా ఇసుకరవ్వలా ఉంటే పాత రాతిముద్రణ. ఫ్రేములోంచి తీయకండి, అద్దానికి అంటుకున్న రంగు ఊడి వస్తుంది.

అమ్మకూడనివి, అమ్మే ముందు అడగాల్సినవి

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్లు నిండిన శిల్పం, చిత్రం, కళాకృతి, చేతిపని వస్తువు పురావస్తువు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు చాలు. చాలామంది దీన్ని విని పాత కుర్చీ అమ్మడానికే భయపడతారు, అంత భయం అక్కర్లేదు. ప్రభుత్వం ప్రకటించిన రకాలకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాయి, లోహం, మట్టి, దంతం లాంటి వాటితో చేసిన శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు అందులోకి వస్తాయి. పూజగదిలోని వందేళ్ల పంచలోహ విగ్రహం, గుడ్డమీద గీసిన పాత చేర్యాల పటం ఇంట్లో ఉంటే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రిజిస్టరింగ్ అధికారిని కలవాలి. రిజిస్టరయిన వస్తువు చేతులు మారితే ఆ సంగతి తెలియజేయాలి. పురావస్తువులు కొని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, అది చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

చాలా కుటుంబాలు తెలియకుండా తప్పు చేసేది విమానాశ్రయం దగ్గర. అమెరికా నుంచి వచ్చిన కొడుకో కోడలో ముత్తవ్వ దీపం సమ్మెను సూట్‌కేసులో పెట్టుకుని పోదామనుకుంటారు. వందేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. వస్తువు అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అన్న ధ్రువపత్రం ముందే తీసుకోవచ్చు. జిట్రేగి ఫర్నిచర్‌కు మరో చిక్కు ఉంది. ఆ కలప, అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది కాబట్టి విదేశాలకు పంపే ముందు ఏ పత్రాలు కావాలో కనుక్కోవాలి.

గోడకు తగిలించిన జింక, దుప్పి కొమ్ములు, పులిచర్మం, ఏనుగు దంతపు పిడి ఉన్న కత్తి లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. వీటిని అమ్మడానికి వీల్లేదు. ఇలాంటివి ఉన్నవాళ్లు ప్రకటించుకోవాలని 2003లో గడువిచ్చారు. అప్పుడు యాజమాన్య ధ్రువపత్రం తీసుకున్న కుటుంబంలో వారసత్వంగా ఉంచుకోవచ్చు. పత్రం లేకపోతే న్యాయవాదిని అడిగి అటవీశాఖకు అప్పగించడం మేలు. ఓఎల్‌ఎక్స్‌లో ఫోటో పెడితే మొదట వచ్చే ఫోన్ కొనేవాళ్లది కాకపోవచ్చు. బర్మారు (నాటు) తుపాకి దొరికితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. గోడ తవ్వుతుంటే నాణేల కుండ బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలి. కూలీలూ ఇంటివాళ్లూ పంచుకుంటే అది నేరం.

కొనేవాళ్లు, బేరం, మోసం

సరుకు వేరుపడ్డాక వరస ముఖ్యం. ముందు వయసు, పనితనం ఉన్న నాలుగైదు వస్తువుల్ని హైదరాబాద్ వ్యాపారులకు, పాతవి సేకరించేవాళ్లకు ఫోటోలు పంపి మూడు ధరలు తెప్పించుకోండి. అక్కడి జుమ్మెరాత్ బజారులో గురువారం ఒకసారి తిరిగి వస్తే అలాంటి వస్తువులకు ఏమడుగుతున్నారో అంచనా వస్తుంది. తర్వాత వాడుకకు పనికొచ్చేవి: స్టీలు బీరువా, డైనింగ్ బల్ల, పట్టె మంచం. వీటిని ఊళ్లోనే నేరుగా వాడుకునేవాళ్లకు అమ్మితే దుకాణం కన్నా ఎక్కువ వస్తుంది. బీరువాకు లాకరు తాళంచెవులతో సహా రెండు జతలూ ఉండాలి. తర్వాత కలప. అన్నిటికన్నా చివర తూకం సామాను. ఈ వరస తిరగబడితే, అంటే తూకం వ్యాపారి ముందు వస్తే, అతను గుండిగల మధ్య బిద్రీ గిన్నెను కూడా కాటాలో వేస్తాడు.

బేరంలో రెండు ఎత్తులు తరచూ కనబడతాయి. పనికిరాని వస్తువుకు ఆశ్చర్యపోయేంత ధర చెప్పి నమ్మకం సంపాదించి, మంచిదాన్ని "ఇది కూడా వేయండి" అని కలిపేసుకోవడం ఒకటి. అన్నీ కొంటానని అయిదు వందలు బయానా ఇచ్చి, మంచివి రెండు పట్టుకుపోయి, మిగతావి ఖాళీ చేసే రోజుదాకా వదిలేయడం రెండోది. రెండింటికీ మందు ఒకటే: వస్తువు వస్తువుకూ విడి ధర, తీసుకుపోయే తేదీ, డబ్బు మొత్తం చేతికొచ్చాకే బండికెక్కించడం. రసీదు రెండు ప్రతులు రాయండి: నంబరు, వస్తువు, ధర, "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట, కొన్నవారి పేరు, గుర్తింపు కార్డు నంబరు, సంతకం.

ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పొద్దుటి వెలుగులో వరండాలో ఆరు ఫోటోలు తీయాలి: ముందు, వెనక, అడుగు, ఒక అతుకు దగ్గరగా, దెబ్బతిన్న చోటు, పక్కన టేపు పెట్టి కొలత. దెబ్బ చూపిస్తే ఫోన్లు తగ్గుతాయి, వచ్చినవాళ్లు కొనే అవకాశం పెరుగుతుంది. డబ్బు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటే వదిలేయండి. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు. పాత నాణెం, ట్రాక్టరు బొమ్మ నోటు లక్షలకు కొంటామని, ముందు ఫీజు కట్టమని వచ్చేవన్నీ మోసాలే. రిజర్వ్ బ్యాంకు తన పేరు వాడుకుని జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాత రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందని, అందులో ఇరీడియం ఉందని, కోట్లు వస్తాయని వచ్చే "రైస్ పుల్లింగ్" ముఠాలు మన జిల్లాల్లో ఎన్నో కుటుంబాలను ముంచాయి. ఏ చెంబూ బియ్యాన్ని లాగదు. అలాంటివాళ్లను గడప తొక్కనీయొద్దు.

పన్ను సంగతి క్లుప్తంగా: సొంతానికి వాడుకున్న మంచాలు, బల్లలు, గిన్నెలు అమ్మితే వచ్చేదాని మీద మూలధన లాభం పన్ను లేదు. నగలు, చిత్రాలు, శిల్పాలు, పురావస్తు సేకరణలు, కళాఖండాలకు ఆ మినహాయింపు వర్తించదు. రెండేళ్లకు మించి ఉన్నవైతే లాభం మీద 12.5 శాతం. 2001 ఏప్రిల్ 1 కన్నా ముందువైతే ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు కాబట్టి మంచి వస్తువుకు విలువ నిర్ధారణ చేయించి పెట్టుకోవాలి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. కొనేవాళ్లు ఎంత బతిమాలినా బ్యాంకు ద్వారానే.

ఇవన్నీ అయ్యాక పెరట్లో రోలు, రోకలి, ఇసుర్రాయి, నీళ్ల గోలెం మిగులుతాయి. వీటిని కొనడానికి వచ్చేవాళ్లు తక్కువ, మోయడానికి నలుగురు కావాలి. పాత రాతి గోలెం, నగిషీ రాయి అయితే ఫామ్‌హౌస్‌ల వాళ్లు తీసుకుంటారు. మామూలు రోలును ఊళ్లో చుట్టాలకో గుడి వంటశాలకో చెప్పిచూడండి. ఇసుర్రాయి మాత్రం రెండు రాళ్లూ విడదీస్తే ఒక్కోదాన్ని ఇద్దరు ఎత్తగలరు, ఫ్లాట్ బాల్కనీలో ఒక మూల పడుతుంది. మీదిరాయి అంచున ఉండే కర్రపిడిని ముందే ఊడదీసి, అడుగున గోనెసంచి పరిచి టాటా ఏస్‌లో పెట్టండి. రాయి మీద రాయి పెడితే కుదుపులకు అంచు ఊడుతుంది.